అప్పా, వాటానా: పోకర్ ఆటగాళ్ల మధ్య డబ్బు

అధ్యక్షులకు, సభకు నమస్కారం.

పోకర్ ఆడేవారి మధ్య డబ్బు ముఖ్యంగా రెండు విధాలుగా చేతులు మారుతుంది. మొదటిది చేబదులు. ఆటలో గెలిచినా ఓడినా అది తిరిగి ఇవ్వవలసిందే. రెండవది స్టేకింగ్. ఇందులో ఒకరు డబ్బు పెడతారు, మరొకరు ఆడతారు. గెలిస్తే ముందు అనుకున్న వాటాల ప్రకారం పంచుకుంటారు, ఓడితే నష్టం డబ్బు పెట్టినవారిదే. చెప్పుకోవడానికి తేడా ఇంత స్పష్టంగా ఉన్నా, అర్ధరాత్రి ఆట మధ్యలో "అన్నా, ఒక యాభై వేలు కొట్టు, రేపు చూసుకుందాం" అని మెసేజ్ వస్తుంది, యూపీఐలో డబ్బు వెళ్లిపోతుంది, అది అప్పో వాటానో ఇద్దరిలో ఎవరూ అడగరు. తెల్లవారేసరికి ఆ యాభై వేలు ఐదు లక్షలైతే ఆడినవాడు అది అప్పంటాడు, ఇచ్చినవాడు వాటా అంటాడు. మొత్తం పోతే ఇద్దరి మాటలూ తారుమారవుతాయి. ఇలాంటి తగాదాల్లో చాలావాటికి మూలం మోసం కాదనీ, చెప్పుకోకుండా వదిలేసిన ఆ ఒక్క విషయమేననీ నా అభిప్రాయం.

ఇది చిన్న మొత్తాలకే పరిమితమైన సమస్య కాదు. 2006లో లాస్ వేగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో జేమీ గోల్డ్ కోటీ 20 లక్షల డాలర్లు గెలిచాడు. ఒక ఆన్‌లైన్ సంస్థ తరఫున ప్రముఖులను పోటీకి తీసుకురావడంలో సహాయం చేసినందుకు గెలుపులో సగం ఇస్తానని గోల్డ్ తనకు మాట ఇచ్చాడంటూ క్రిస్పిన్ లీజర్ అనే వ్యక్తి కోర్టుకు వెళ్లాడు. రాతపూర్వకమైన ఒప్పందం లేదు. ఉన్నదల్లా నోటిమాట, దానికి తోడు పన్ను పోగా సగం ఇస్తానన్న అర్థం వచ్చేలా గోల్డ్ ఫోన్‌లో వదిలిన సందేశం. 60 లక్షల డాలర్లను కోర్టు స్తంభింపజేసింది. మరుసటి ఏడాది ఇద్దరూ రాజీపడ్డారు. ఒక చిన్న కాగితం ముందే రాసుకుని ఉంటే ఆ వ్యవహారం న్యాయవాదుల దాకా వెళ్లవలసిన అవసరమే ఉండేది కాదు.

ఇక దీర్ఘకాలిక స్టేకింగ్‌లో మేకప్ అనే పద్ధతి ఉంది. దీనిని కొంచెం వివరంగా చెప్పాలి. ఆటగాడి పాత నష్టాలన్నీ పూడిన తరువాతే లాభాల పంపకం మొదలవుతుంది. సగం సగం వాటాల మీద ఆడే ఒక కుర్రవాడు మొదటి నెల నాలుగు లక్షలు, రెండో నెల రెండు లక్షలు పోగొట్టి, మూడో నెల ఐదు లక్షలు గెలిచాడనుకుందాం. ఆ ఐదు లక్షలూ పెట్టుబడిదారుడికే వెళతాయి, ఇంకా లక్ష రూపాయల మేకప్, అంటే పూడని నష్టం, మిగిలే ఉంటుంది, కుర్రవాడి చేతికి మూడు నెలలకుగాను ఒక్క రూపాయి కూడా రాదు. అద్దె కట్టాలి, ఇంటికి పంపాలి. అందుకోసం అదే పెట్టుబడిదారుడి దగ్గర చేబదులు తీసుకుంటాడు, లేదా అతనికి తెలియకుండా మరొకరి డబ్బుతో ఆడతాడు. టోర్నమెంట్లలో పాల్గొన్నవారిలో చాలా కొద్దిమందికే బహుమతి దక్కుతుంది కనుక, ఎంత నేర్పరికైనా నెలల తరబడి నష్టం రావడం అసహజం కాదు. "వచ్చే నెల తీరుస్తాను" అని అతను నిజాయితీగానే అంటాడు, కానీ ఆ మాట నిలుపుకోవడం అతని చేతిలో లేదు.

అసలు ప్రమాదం ఆ తరువాత వస్తుంది. ఒప్పందం తెగే రోజున, మిగిలిన మేకప్‌కు ప్రామిసరీ నోటు రాయమంటారు. "నా కుటుంబ అవసరముల నిమిత్తం మీ వద్ద నేను ఈ రోజు అప్పుగా పుచ్చుకొన్న రొక్కం" అని మొదలయ్యే ఆ నోటులో ఆట ఊసే ఉండదు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మాత్రం ఉంటుంది. పెట్టుబడిదారుడు భరించవలసిన నష్టం ఒక్క సంతకంతో ఆటగాడి నెత్తిన రుణమై కూర్చుంటుంది. ఇది ఘోరమైన అన్యాయం. డబ్బు పెట్టినవారే ఒప్పందాన్ని ముగిస్తే మేకప్ కూడా అక్కడితో రద్దవుతుందని మొదటే రాసుకోవాలి.

అప్పులు పెద్దవాళ్లకు ఇచ్చాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ఫుల్ టిల్ట్ పోకర్ అనే ఆన్‌లైన్ పోకర్ సంస్థ తన ఆటగాళ్లకు సుమారు 39 కోట్ల డాలర్లు బాకీ ఉండగా, 2011 మార్చి చివరికి బ్యాంకుల్లో దాదాపు 6 కోట్ల డాలర్లే ఉన్నాయని అమెరికా న్యాయశాఖ ఆరోపించింది. ఆ సంస్థను కొనేందుకు ముందుకొచ్చిన ఫ్రెంచ్ బృందంతో బేరం 2012లో చెడిపోవడానికి, పేరున్న ఆటగాళ్లు సంస్థకు తీర్చని అప్పులు కూడా ఒక కారణమని ఆ బృందం తరఫువారు చెప్పారు.

మన చట్టం సంగతి చూద్దాం. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. అయితే ఘేరులాల్ పారఖ్ కేసులో 1959లో సుప్రీంకోర్టు, పందెం చెల్లకపోయినా నిషిద్ధం కాదు గనుక, పందేల కోసం పెట్టుకున్న భాగస్వామ్యంలో నష్టాన్ని పంచుకోవలసిందేనని తీర్పు చెప్పింది. స్టేకింగ్‌కు అంత దగ్గరగా వచ్చే తీర్పు మరొకటి నాకు తోచదు. కానీ ఆటే నిషిద్ధమైనచోట ఈ ఊరట ఉండదు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు చట్టం దేశమంతటికీ ఆ నిషేధాన్ని విస్తరించింది. ఆ ఆటల కోసం ఇచ్చిన డబ్బు మీద కోర్టు సాయం దొరుకుతుందని ఆశించడం వృథా.

చట్టబద్ధంగా గోవా క్యాసినోలో ఆడినా పన్ను ఆడినవారి పేరునే పడుతుంది. పేకాట గెలుపు మీద 30 శాతం పన్ను ఉంది, దానిలోంచి ఖర్చులు మినహాయించరు, పాత నష్టాలు సర్దుబాటు చేయనివ్వరు. పది లక్షలు గెలిచినవాడు సెస్సు కాకుండానే మూడు లక్షలు పన్నుకు పోగొట్టుకుని, ఐదు లక్షలు పెట్టుబడిదారుడికి ఇచ్చేస్తే అతనికి మిగిలేది రెండు లక్షలు. కాబట్టి సగం అంటే పన్నుకు ముందు సగమా, పన్ను పోగా సగమా అన్నది డబ్బు పంపకముందే ఇద్దరి ఫోన్లలోనూ రాతపూర్వకంగా ఉండాలి.