ఎ అయినా బి అయినా, ఇంటికి ఒక్కటే

(విజయవాడలో ఇంటి వైరింగ్ పనివారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే భోజనాల వేళ దాటిపోతుంది కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. పోరంకి, కానూరు, తాడేపల్లి వైపు నుంచి సైటు పని ఆపుకుని వచ్చిన మేస్త్రీలకు మాత్రం విడిగా ఇంకో దండం. మీరు పోగొట్టుకున్న ఒక పూట కూలికి తగ్గ మాట చెప్పి కూర్చుంటాను.

నాకిచ్చిన అంశం, ఇంటి నెట్‌వర్క్ కేబుల్‌కి ఎ వైరింగా, బి వైరింగా అని. ఎ, బి అంటే కేబుల్లో నాలుగు జతలుగా ఉండే ఎనిమిది తీగల్ని కొసన బిగించే రెండు రంగుల వరసలు. జవాబు ఒక్క నిమిషం పని. కొత్త ఇల్లయితే బి వేయండి. పాత ఇల్లయితే గోడలో ఉన్న నెట్ డబ్బా ఒకటి విప్పి, లోపల ఏది ఉంటే అదే వేయండి. అంశం అయిపోయింది. మిగతా సమయం నాది.

ముందు రంగులు చెప్పుకుందాం. నెట్ కేబుల్ కొసన ఉండే ఆర్‌జే45 ప్లగ్గుని క్లిప్పు కిందికి, కేబుల్ దూరే నోరు మీ వైపుకి వచ్చేలా పట్టుకోండి. పైన బంగారు రంగు పిన్నులు కనబడతాయి. ఎడమ చివరిది ఒకటో నంబరు. టి568బి అంటే అక్కణ్ణుంచి వరసగా వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. టి568ఎ అంటే ఆరెంజ్ జత చోటికి గ్రీన్ జత, గ్రీన్ చోటికి ఆరెంజ్. బ్లూ, బ్రౌన్ కదలవు. స్పీడులో గానీ దూరంలో గానీ రెంటికీ తేడా లేదు. "బి కొత్తదండీ, ఎ పాతది" అని ఖరాఖండీగా చెప్పేవాళ్లున్నారు. అమెరికా వాళ్ల ప్రమాణ పత్రం 1995లో 568-ఎ పేరుతో, 2001లో 568-బి పేరుతో వచ్చింది. అవి పత్రాల పేర్లు. రంగుల వరసలు రెండూ ఆ రెండు పత్రాల్లోనూ ఉన్నాయి. కొత్తా లేదు, పాతా లేదు.

మరి బి అని ఎందుకన్నానంటే, మన వైపు ఎక్కువమంది చేతికి అలవాటైన వరస అదే. మీరు వేసిన పనిని రేపు ఇంకొకరు విప్పుతారు. వాళ్ల చెయ్యి బికే పోతుంది. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పడానికి వచ్చిన మాట. మన కొంప ముంచుతున్నది ఎ, బి తగాదా కాదు. మూడో వరస ఒకటుంది. ఏ ప్రమాణంలోనూ ఉండదు, సైట్ల మీద మాత్రం కనబడుతుంది: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్, వైట్ బ్లూ, బ్లూ, వైట్ బ్రౌన్, బ్రౌన్. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. "రెండు కొసలా ఒకేలా ఉంటే చాలు కదండీ" అంటారు. టెస్టర్ పెడితే 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా వెలుగుతాయి. బిల్లు తీసుకుని వచ్చేస్తారు.

చాలదండీ. ఒకేలా ఉంటే చాలదు. సిగ్నల్ నడిచే జతలు 1-2, 3-6, 4-5, 7-8. మూడుకి జోడీ నాలుగు కాదు, ఆరు. ఇది టెలిఫోన్ కాలం నాటి ఏర్పాటు. మధ్యలోని 4-5 మొదటి లైనుకి, దాన్ని చుట్టి 3-6 రెండో లైనుకి ఇచ్చేవారు. ఆ ముచ్చటైన వరసలో మూడో పిన్నుకి వైట్ గ్రీన్, ఆరో పిన్నుకి బ్లూ వస్తాయి. అంటే ఒకే సిగ్నల్‌కి ఒక కాలు గ్రీన్ మెలికలో, ఇంకో కాలు బ్లూ మెలికలో. 4-5 గతీ అంతే. కేబుల్లో తీగల్ని జతలుగా మెలేసిందే బయటి రొదా పక్క జత రొదా రెండు తీగల్లోనూ సమానంగా పడి, అవతలి కొసన కొట్టుకుపోవాలని. జత విడగొట్టాక ఆ మెలికకి విలువేముంది? పొట్టి ముక్కలో నడిచినా నడుస్తుంది. హాల్లోంచి పై అంతస్తు బెడ్రూమ్ దాకా లాగితే లింకు పడుతూ లేస్తూ ఉంటుంది. ఇంటాయన రూటర్ మారుస్తాడు, ఇంటర్నెట్ కంపెనీని తిడతాడు, ప్లాను పెంచుకుంటాడు. గోడలోని తప్పు గోడలోనే ఉంటుంది.

చవక టెస్టర్ దీన్ని పట్టదు. అది చూసేది తీగ తెగిందా, నంబరు మారిందా అన్నదే. జత విడిపోయిందా అన్నది దానికి తెలియదు. కాబట్టి కంటితో చూడండి. ఏ ప్లగ్గయినా 4, 5 పిన్నులు బ్లూ జత అయ్యుండాలి. 3, 6 ఒకే రంగు జత అయ్యుండాలి, బి అయితే గ్రీన్, ఎ అయితే ఆరెంజ్. వెనక వరసలో తమ్ముళ్లూ, మీకు పంచిన ప్లగ్గులు ఒకసారి ఎత్తి చూడండి. వాటిలో కావాలని తప్పు వరసలో క్రింప్ చేసినవి, అంటే నొక్కి బిగించినవి, కలిపాం. దొరికాయా? దాచకండి, పక్కవాళ్లకీ చూపించండి.

ఒక కొస ఎ, ఇంకో కొస బి అయితే ఏమవుతుందని ఇందాక ఒకాయన అడిగారు. అది క్రాసోవర్, అంటే రెండు జతలు తారుమారైన కేబుల్, అవుతుంది. టెస్టర్లో 1 వెలిగితే అవతల 3, 2 వెలిగితే 6. ఈనాటి గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, స్విచ్చులూ రూటర్లూ దాన్ని వాటంతటవే సర్దుకుంటాయి, అందుకే ఆ తప్పు ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. ఆ సదుపాయం లేని పాత సామాను తగిలించిన రోజు లింకు రాదు. ఇక ప్యాచ్ కార్డుల సంగతి, అంటే గోడ సాకెట్ నుంచి రూటర్‌కో కంప్యూటర్‌కో తగిలించే పొట్టి కేబుళ్లు. గోడలో ఎ ఉంటే ప్యాచ్ కార్డు కూడా ఎ ఉండాలేమోనని వెతుక్కుంటూ తిరుగుతుంటారు, అక్కర్లేదు. ప్రతి ముక్కా దాని రెండు కొసలా ఒకే ప్రమాణంలో ఉంటే చాలు, ఎ ముక్కకి బి ముక్క తగిలించినా నేరుగానే పోతుంది.

ఇంకో లక్షణం గుర్తుపెట్టుకోండి. ప్లాను 200 ఎంబీపీఎస్, స్పీడ్ టెస్టు 94 దగ్గర ఆగిపోతోందంటే ఆ లింకు 100కి పడిపోయిందన్నమాట. 100కి 1-2, 3-6 చాలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. అప్పుడు ముందు బ్లూ, బ్రౌన్ తీగలు చూడండి, ఎక్కడో ఒకటి సరిగా దిగి ఉండకపోవచ్చు.

జాక్ కొట్టే పద్ధతి. గోడలో వేసే కేబుల్ గట్టి తీగది, దాన్ని కీస్టోన్ జాక్‌లోనే, అంటే గోడ డబ్బాలో బిగించి ప్లగ్గు తగిలించే సాకెట్‌లోనే, దించాలి. కెమెరా దగ్గర తప్పనిసరై ప్లగ్గు వేస్తే గట్టి తీగకి తగిన ప్లగ్గే కొనండి, మెత్తని పోగుల తీగది వేరు. పై తొడుగు 3, 4 సెంటీమీటర్లు తీయండి, బ్లేడు లోపలి తీగకి గాటు పెట్టకూడదు. క్యాట్ 6 రకం కేబుళ్లలో చాలావాటికి మధ్యలో ప్లాస్టిక్ కట్టె ఉంటుంది, ఉంటే దాన్ని తొడుగు అంచు దాకా కత్తిరించండి. జాక్ పక్కన ఎ, బి రెండు రంగుల గుర్తులూ ఉంటాయి. అన్ని కంపెనీల జాకుల్లో తీగ దిగే గాడులు ఒకే క్రమంలో ఉండవు, అందుకని అలవాటు మీద కాకుండా ఆ గుర్తు చూసి దించండి. మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లకు మించకూడదు. గాడి దాకా మెలికతోనే తీసుకెళ్లి అక్కడ విడదీయాలి. తీగని గాడిలోకి కొట్టి దించే పంచ్ టూలు కత్తి అంచు బయటి వైపుకి ఉండాలి. తిరగేసి కొడితే అసలు తీగే తెగుతుంది. ప్లగ్గయితే పై తొడుగు ప్లగ్గు లోపలికి దూరి, వెనక నొక్కు దాని మీద పడాలి. తీగల మీద పడితే నాలుగుసార్లు లాగేసరికి ఊడొస్తుంది.

కేబుల్ గురించి మాట్లాడకుండా దిగితే నాకు అన్నం సయించదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగని, సీసీఏ అంటారు, క్యాట్ 6 అని అచ్చేసిన పెట్టెలో అమ్ముతున్నారు. ప్రమాణం ప్రకారం క్యాట్ 6 అంటే నిఖార్సైన రాగి. అల్యూమినియానికి నిరోధం ఎక్కువ. కేబుల్ మీదే కరెంటు పంపే కెమెరాలకి కొస దగ్గర వోల్టేజీ చాలదు, కేబుల్ వేడెక్కుతుంది. అటూ ఇటూ వంచితే త్వరగా విరుగుతుంది. తీగ కొసని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే ఆ పెట్టె వెనక్కిచ్చేయండి. 305 మీటర్ల పెట్టె ఎత్తినా తెలిసిపోతుంది, మరీ తేలిగ్గా ఉంటుంది. గోడ పగలగొట్టి మళ్లీ వేసే ఖర్చు ముందు ఆ పెట్టె మీద మిగిలేది ఎంతండీ?

2024 సెప్టెంబరు బుడమేరు వరదల్లో సింగ్ నగర్ ఎలా మునిగిందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. నీళ్లలో నానిన జాకుల్లో పిన్నులకి చిలుం పడుతుంది, తొడుగు కొస నుంచి నీళ్లు కేబుల్ లోపలికి పాకుతాయి. ఆరబెట్టి అదే కేబుల్‌కి కొత్త జాక్ కొడితే పని నిలవదు. కేబుల్ మార్చండి. పల్లపు వీధుల్లో కింది అంతస్తు డబ్బాలు స్విచ్ బోర్డు ఎత్తులో పెట్టమని ఇంటాయనకి ముందే చెప్పండి.

230 వోల్టుల వైర్లున్న పైపులో నెట్ కేబుల్ దూర్చొద్దు. పక్కపక్కన పోవాల్సి వస్తే అడుగు ఎడం, దాటాల్సి వస్తే అడ్డంగా. గోడలోని పరుగు 90 మీటర్లు, ప్యాచ్ కార్డులతో కలిపి 100. మన ఇళ్లలో అంత దూరం ఎటూ రాదు.

చివరిగా, జాక్ కొట్టాక డబ్బా మూత లోపలి వైపు చెరగని పెన్నుతో ఎ అనో బి అనో రాయండి. రెండో కొస ఏ గదిలో ఉందో, తేదీ ఎంతో కూడా రాయండి. అర నిమిషం పని. క్రింపర్లు, పంచ్ టూళ్లు, ఒక పెట్టెడు జాకులు బల్ల మీద ఉన్నాయి. ముందు వరస నుంచి నలుగురు నలుగురుగా రండి, తలా ఒక కొస కొట్టి, 3-6 జత కంటితో చూసుకుని, ఆ తర్వాతే టెస్టర్ పెట్టండి.