నోవా ఉపగ్రహాలు ఆగిపోయినా మీరు మాత్రం యాంటెనా కట్టండి

(బందరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్స్ డే రోజు పిల్లలు, తల్లిదండ్రుల ముందు మాట్లాడింది)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ రాసి కాగితం నా చేతిలో పెట్టారు, అవన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోద్ది, అందుకని పెద్దలందరికీ కలిపి ఒకటే నమస్కారం, ఎవరూ ఏమీ అనుకోకండి. సైన్స్ డే కదా రామన్ గారి గురించి చెప్పమన్నారు. 1928 ఫిబ్రవరి 28న ఆయన కనిపెట్టింది ఏంటో మీ మాస్టార్లు నాకంటే బాగా చెప్తారు. నేను ఏళ్ళ తరబడి టీవీలు, డిష్‌లు బాగు చేసుకుంటున్న మనిషిని, నాకు తెలిసింది యాంటెనా. కాబట్టి యాంటెనా గురించే చెప్తా.

పోయిన ఏడాది, 2025 ఆగస్టులో ఒకటి జరిగింది. పేపర్లో ఎక్కడా పెద్దగా రాలేదు, టీవీలో అసలు రాలేదు. అమెరికా వాళ్ళ నోవా సంస్థకి పాత వాతావరణ ఉపగ్రహాలు మూడు ఉండేవి, నోవా-15, నోవా-18, నోవా-19 అని. నోవా-18ని జూన్‌లోనే ఆపేశారు. ఆగస్టు 13న నోవా-19ని, 19న నోవా-15ని ఆపేశారు. అందులో నోవా-15 ఎప్పటిదో తెలుసా, 1998 మే నెలలో ఎగిరింది. రెండేళ్ళు పనిచేస్తే చాలనుకుని తయారు చేసింది 27 ఏళ్ళు పని చేసింది. దాని బొమ్మలు పట్టుకున్న పిల్లలు ఇప్పుడు ఇంజనీర్లయ్యి వాళ్ళ పిల్లలకి ఫీజులు కడుతున్నారు.

వీటి గొప్పతనం ఏంటంటే, ఇవి తీసిన బొమ్మని తీసినట్టే కిందకి పంపించేవి. పాస్‌వర్డ్ లేదు, డబ్బులు కట్టక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఈ పద్ధతి పేరు ఏపీటీ, ఆటోమేటిక్ పిక్చర్ ట్రాన్స్‌మిషన్, అంటే బొమ్మని దానంతటదే పంపించెయ్యడం. 1963 డిసెంబర్‌లో టైరోస్-8 అనే ఉపగ్రహంతో మొదలెట్టారు. పెద్ద పెద్ద స్టేషన్లు కట్టుకోలేని దేశాలు కూడా చిన్న సామానుతో తమ నెత్తి మీది మేఘాల్ని తామే చూసుకోగలగాలి, అదీ దాని ఉద్దేశం. చూడండి, ఎంత మంచి ఆలోచనో. ఎవడి ఆకాశం వాడు చూసుకోవచ్చు. నాకు ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు ఆ బొమ్మల్ని పట్టుకునే యాంటెనా సంగతి. వెనక కూర్చున్న పిల్లలు కూడా వినండి, ఇది మీకోసమే. ఉపగ్రహం మాట్లాడేది 137 మెగాహెర్ట్జ్ దగ్గర. మీ ఫిజిక్స్ పుస్తకంలో తరంగదైర్ఘ్యం ఫార్ములా ఉంది కదా, 300ని 137.5తో భాగించండి, 2 మీటర్ల 18 సెంటీమీటర్లు వస్తుంది. అందులో నాలుగో వంతు 54 సెంటీమీటర్ల పైన. లోహంలో కాస్త తగ్గించుకోవాలి, అందుకని అందరూ 53.4 సెంటీమీటర్లు కోస్తారు. అలాంటి రాడ్లు రెండు. అంతే యాంటెనా. మీ మేడ మీద దూరదర్శన్ కాలం నాటి పాత యాంటెనా తుప్పు పట్టిన గొట్టానికి వేలాడుతుంటే దాని అల్యూమినియం ట్యూబులే పనికొస్తాయి. అల్యూమినియానికి మామూలు టంకం అంటదు, దాంతో కుస్తీ పట్టకండి, కరెంటు సామాన్ల కొట్లో స్క్రూలుండే తెల్ల కనెక్టర్ దొరుకుతుంది, రాడ్లని అందులో దూర్చి బిగించెయ్యండి. కేబుల్ వైరు తీసుకుని లోపలి రాగి తీగ ఒక రాడ్‌కి, బయట జాలీ రెండో రాడ్‌కి. రెండు రాడ్ల మధ్య 120 డిగ్రీలు ఉండాలి, మీ జామెట్రీ బాక్సులో కోణమానినితోనే కొలవండి. ఆ వి ఆకారాన్ని నిలబెట్టకూడదు, నేలకి సమాంతరంగా పడుకోబెట్టి నోరు ఉత్తరానికో దక్షిణానికో పెట్టండి, ఎందుకంటే ఉపగ్రహం ధ్రువాల మీదుగా తిరుగుతుంది కాబట్టి మనకి ఉత్తర దక్షిణాలుగానే పోతుంది. పడుకోబెట్టడంలో ఇంకో లాభం ఉంది, నేల మీది వైర్‌లెస్‌లు చాలామటుకు నిలువు యాంటెనాలతో మాట్లాడతాయి, వాటి గోల దీనికి చాలా వరకు తగ్గిపోద్ది.

ఈ యాంటెనాని లాప్‌టాప్‌కి కలపడానికి యూఎస్‌బీ డాంగిల్ ఒకటి కావాలి, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అంటారు. ఖర్చంతా దానిదే, మిగతాదంతా ఇంట్లో పడున్న సామానే. అసలా డాంగిల్ యూరప్‌లో డిజిటల్ టీవీ చూసుకోవడానికి తయారైంది, 2012 ప్రాంతంలో కొంతమంది దాని లోపలి చిప్‌ని గెలికి ఇది చాలా రకాల రేడియో సిగ్నళ్ళని వింటుందని కనిపెట్టారు. అంతకు ముందు ఈ పనికి రిసీవర్ కొనాలంటే మనలాంటి వాళ్ళ వల్ల అయ్యేది కాదు.

ఆ శబ్దం గురించి చెప్పాలి. నోవా వచ్చేటప్పుడు ముందు ఉత్త గుర్రుమనే శబ్దం ఉండేది. ఉపగ్రహం దక్షిణాన సముద్రం మీద పైకి లేచేకొద్దీ ఆ గుర్రులోంచి టిక్ టాక్, టిక్ టాక్ అని గుర్రం డెక్కల చప్పుడులా బయటికొచ్చేది. సెకనుకి రెండు గీతలు, ప్రతి టిక్కుకీ బొమ్మలో ఒక గీత. మేఘం తెల్లగా ఉంటే ఆ స్వరం గట్టిగా, సముద్రం నల్లగా ఉంటే మెత్తగా. చెవితో వినే బొమ్మ అది. స్టేషను దగ్గరికొస్తున్న రైలు కూత మారినట్టే దీని ఫ్రీక్వెన్సీ కూడా వచ్చేటప్పుడు 3 కిలోహెర్ట్జ్ దాకా ఎక్కువ, పోయేటప్పుడు అంతే తక్కువ. డాప్లర్ అని పరీక్షలో రాస్తారే, అది స్క్రీన్ మీద వంకర గీతలా కనపడుతుంటే ఇంక బట్టీ పట్టక్కర్లేదు.

ఇక్కడ మీకు ఒక రోజు సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా నేను ఎక్కడా యాంటెనా గురించి మాట్లాడను.

2023 డిసెంబర్ 4, మిచాంగ్ తుఫాను. చెన్నై మునిగిపోయిన రోజు. ఇక్కడ మనకి వాన, గాలి. గిలకలదిండి హార్బర్లో బోట్లన్నీ కట్టేశారు. నా ఫోన్ ఆగకుండా మోగుతోంది, అందరిదీ ఒకటే కంప్లైంటు, డిష్‌లో బొమ్మ రావట్లేదని. వాన గట్టిగా పడితే డిష్ సిగ్నల్ పోద్ది, అది 11, 12 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది, ఆ చిన్న అలల్ని వాన నీళ్ళు మింగేస్తాయి. అంటే తుఫాను ఎక్కడుందో టీవీలో చూడాల్సిన రోజునే టీవీ ఉండదు! మా వీధిలో ఒక పెద్దాయన, వయసంతా సముద్రం మీద గడిపిన సరంగు, ఆయన తడుచుకుంటూ షాపుకే వచ్చేశాడు. రిపేర్ కాదు బాబాయ్, వాన తగ్గితే అదే వస్తుంది అన్నా. మరి వాన తగ్గాక నాకెందుకురా టీవీ అన్నాడు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు.

పైన గదిలో మా మేనల్లుడూ వాడి ఫ్రెండ్సూ మేడ మీది యాంటెనా వైరు కిటికీలోంచి లోపలికి లాక్కుని పాస్ కోసం, అంటే ఉపగ్రహం మన మీదుగా పోయే టైమ్ కోసం, కూర్చున్నారు. 137 మెగాహెర్ట్జ్‌కి వానా లేదు మబ్బూ లేదు, దూసుకుని వచ్చేస్తుంది. బాబాయ్‌ని పైకి తీసుకెళ్ళా. బొమ్మ గీత గీతగా దిగుతోంది. ముందు హిమాలయాలు, ఆ తర్వాత ఉత్తరాది మీద పల్చటి పొగమంచు, తర్వాత మన కోస్తా అంతా తెల్లగా కప్పేసి, చెన్నై దగ్గర సముద్రం అంచున పెద్ద తెల్ల ముద్ద. ఆయన ఏం మాట్లాడలేదు. మనం ఎక్కడరా ఇందులో అన్నాడు, వాడు వేలు పెట్టి చూపించాడు. అప్పుడాయన లేచి వరండాలోకి వెళ్ళి, గాలి ఈశాన్యం నుంచి కొడుతోంది, ఆ గాలికి వీపు పెట్టి నిలబడి ఎడం చెయ్యి చాపి కాస్త ముందుకి తిప్పాడు. ఆ చెయ్యి సరిగ్గా దక్షిణం చూపిస్తోంది. గుండం అక్కడుంది, మీ బొమ్మ కరెక్టే అన్నాడు.

అర్థమైందా? మా బొమ్మ ఆయన్ని పరీక్షించలేదు, ఆయన మా బొమ్మని పరీక్షించాడు! వాళ్ళ నాన్న నేర్పాడంట. ఇదే సూత్రాన్ని బైస్ బాలట్ అనే డచ్ శాస్త్రవేత్త 1857లో రాశాడు, గాలికి వీపు పెడితే మనముండే ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం ఎడం పక్కన ఉంటుందని. పిల్లలు దాన్ని ఆయన దగ్గర నేర్చుకున్నారు, ఆ తర్వాత పుస్తకంలో చూశారు. ఆ మర్నాడు తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజు నుంచి ప్రతి పాస్‌కీ బాబాయ్ మా మేడ మీదే, మేఘం చూసి ఇది వానొచ్చే మబ్బు, ఇది ఉత్తదే అని చెప్తాడు, పిల్లలు నోటుబుక్కులో రాసుకుంటారు.

ఇది మన ఊళ్ళకి ఎందుకు ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు, కానీ ఈ పిల్లలకి చెప్పాలి. 1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన. పది వేల మంది పైనే పోయారు. మా నాన్న చెప్పేవాడు, గాలివాన వస్తుందని అందరికీ తెలుసు, సముద్రం లేచి ఊళ్ళోకొస్తుందని ఎవరూ అనుకోలేదు అని. ఇప్పుడు మనకి బందర్లోనే రాడార్ ఉంది, 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి చూసే ఇన్‌శాట్-3డీఆర్, 2024లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఇన్‌శాట్-3డీఎస్ ఉన్నాయి, వాతావరణ శాఖ రోజుల ముందే చెప్తోంది. వాళ్ళు ఖాళీ చెయ్యమంటే మారు మాట్లాడకుండా ఖాళీ చెయ్యాలి, ఇంట్లో పట్టిన బొమ్మ చూసుకుని ఏం కాదులే అనుకోకూడదు, ఇది గట్టిగా చెప్తున్నా. కానీ అమ్మా, అయ్యా, మీరే ఆలోచించండి, హెచ్చరిక విన్నవాడికి అది అర్థం కూడా కావాలి కదా. తన చేత్తో ఆ బొమ్మ పట్టిన పిల్లాడు ఇంటికెళ్ళి నాన్నా అది ఇటే వస్తోంది అంటే ఆ ఇల్లు కదులుతుంది. 2014లో హుద్‌హుద్ వచ్చి విశాఖలో టవర్లు పడిపోయి ఫోన్లు రోజుల తరబడి మూగబోయాయి. అలాంటప్పుడు కూడా బ్యాటరీ ఉన్న లాప్‌టాప్, రెండు రాడ్లు ఉంటే బొమ్మ వస్తుంది.

మరి నోవాలు ఆగిపోయాయి కదా, ఇంకెందుకు అంటారా. రష్యా వాళ్ళ వాతావరణ ఉపగ్రహాలు రెండున్నాయి, మెటియోర్-ఎం ఎన్2-3, 2023 జూన్‌లో వెళ్ళింది, ఎన్2-4, 2024 ఫిబ్రవరి 29న వెళ్ళింది. అవి పంపేది 137.9 లేకపోతే 137.1 మెగాహెర్ట్జ్ మీద. అంటే అదే యాంటెనా, అవే 53.4 సెంటీమీటర్ల రాడ్లు, ఒక్క స్క్రూ కూడా మార్చక్కర్లేదు. నోవా బొమ్మలో ఒక చుక్క 4 కిలోమీటర్లయితే దీంట్లో 1 కిలోమీటరే, కృష్ణ సముద్రంలో కలిసే చోట పాయలు కూడా విడివిడిగా కనపడతాయి. శాట్‌డంప్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అది మొత్తం చేసేస్తుంది. ఇది డిజిటల్ కాబట్టి టిక్ టాక్ ఉండదు, ఉత్త బుస్సు మంటుంది, నాకైతే ఆ చప్పుడు లేని లోటు పోలేదు, పోదు కూడా. దాని బదులు స్క్రీన్ మీద నాలుగు చుక్కల గుంపులు చూడాలి, సిగ్నల్ బలం తక్కువుంటే అన్నీ కలిసి మసక, ఉపగ్రహం పైకొస్తుంటే నాలుగుగా విడిపోతాయి. ఇది వచ్చాక ఇంకా ముందుకి వెళ్ళాలనుకునే వాళ్ళు మా షాపుకి రండి, జనం వదిలేసిన పాత డిష్‌లు బోలెడున్నాయి, వాటితో 1.7 గిగాహెర్ట్జ్ దగ్గర యూరప్ వాళ్ళ మెటాప్ అనే వాతావరణ ఉపగ్రహాల బొమ్మలు పట్టొచ్చు, చేత్తో డిష్ తిప్పుతూ ఉపగ్రహం వెంటపడాలి.

ఒక బాధ కూడా చెప్పేస్తా, ఏ స్కూలో చెప్పను. పిల్లలకి యాంటెనా చూపిద్దామని వెళ్తే ల్యాబ్‌కి తాళం. లోపల లాప్‌టాప్‌లు, కిట్లు అట్టపెట్టెల్లో టేపు కూడా ఊడకుండా ఉన్నాయి. తీస్తే పాడైపోతాయండీ అన్నారు. తియ్యకపోతే ఏమవుతాయండీ? ఉప్పుగాలి ఊళ్ళో రెండు వానాకాలాలు పెట్టెలో పెడితే పిన్నులన్నీ పచ్చబడతాయి, అది నేను రోజూ షాపులో చూస్తూనే ఉన్నా. పిల్లల చేతుల్లో పాడైతే కనీసం ఒకడికి ఏదో వస్తుంది. టీచర్ల మీద కోపం లేదు, లెక్క చెప్పాల్సింది వాళ్ళే అని తెలుసు, అందుకే పైవాళ్ళని అడుగుతున్నా, పాడైన సామానుకి సంజాయిషీ అడగడం మానండి, వాడని సామానుకి అడగండి.

సరే, టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. ఆదివారం కడదాం, ఇక్కడే. రాడ్లు, కనెక్టర్, వైరు, డాంగిల్ నావి. హెడ్మాస్టారు గారూ, మేడ తలుపు తాళం, ల్యాబ్‌లో ఒక లాప్‌టాప్, ఈ రెండూ మీవి. లాప్‌టాప్ ఫుల్ చార్జింగ్‌లో ఉండాలి, పాస్ టైమ్‌లో చార్జర్ పెడితే దాని గోలే వినపడుతుంది, ఎల్‌ఈడీ బల్బులు కూడా ఆపెయ్యాలి. ఉరుము వినపడితే ఎవరూ మేడ ఎక్కకూడదు, వైరు పీకేసి కిందకి వచ్చెయ్యడమే, తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మొచ్చు. పాస్ ఎన్నింటికో శనివారం రాత్రి చూసి మాస్టారికి చెప్తా. ఎనిమిదో క్లాసు వాళ్ళు కొలతల టేపు, తొమ్మిదో క్లాసు వాళ్ళు కోణమాని, దిక్సూచి తెచ్చుకోండి. ఆడపిల్లలు వెనక నిలబడి చూడటం కాదు, మొదటి స్క్రూ మీరే బిగించాలి. సరంగు బాబాయ్‌ని కూడా తీసుకొస్తా.