యూఎస్ ఐఫోన్ 17 ప్రో: బావ తెస్తే సరే, బిల్లు లేకుండా షాపులో అయితే?

హాయ్ అండీ. నా చేతిలో ఉన్నది ఐఫోన్ 17 ప్రో, యూఎస్ పీసు. "అన్నా, అమెరికా పీసు క్వాలిటీయే వేరంట కదా, మా బావ వస్తున్నాడు, తెప్పించుకోనా?" అని చాలామంది అడుగుతున్నారు. ముందు ఆ క్వాలిటీ సంగతి తేల్చేద్దాం.

వేరేమీ కాదండీ. జూన్ త్రైమాసికంలో అమెరికాలో అమ్మే ఐఫోన్లలో ఎక్కువ భాగం ఇండియాలో తయారైనవే ఉంటాయని 2025 మే నెలలో యాపిల్ సీఈఓ హోదాలో టిమ్ కుక్కే చెప్పాడు. తమిళనాడు శ్రీపెరంబుదూర్‌లో ఫాక్స్‌కాన్, కర్ణాటక నరసాపురలో టాటా వాళ్లు చేస్తున్నారు. అంటే చెన్నై పక్కన పుట్టి, డాలస్‌లో బిల్లు వేయించుకుని, మళ్లీ బావ సూట్‌కేసులో శంషాబాద్‌లో దిగే ఫోన్లు కూడా ఉంటాయన్నమాట. దానికి మనం ఫారిన్ సరుకని మురిసిపోవడం!

తేడా అసలు ఎక్కడుందంటే, ఇదిగో, పక్కన చూడండి. సిమ్ ట్రే లేదు. 2022లో ఐఫోన్ 14 నుంచే అమెరికా పీసుల్లో ఈ-సిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్ ఒక్కటే. 17 సిరీస్‌లో సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్ పీసులు కూడా అంతే. కాబట్టి గల్ఫ్ నుంచి తెప్పించుకునేవాళ్లూ చూసుకోండి. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈ-సిమ్ ఇస్తాయి, అది సమస్య కాదు. కానీ ఫోన్ కిందపడి డిస్‌ప్లే పోయిందనుకోండి, సిమ్ తీసి అమ్మ ఫోన్లో వేసుకుందామంటే కుదరదు. ఓటీపీలన్నీ ఆ నంబరుకే కదా వచ్చేది!

లాభం కూడా ఉందండోయ్. ట్రే తీసేసిన చోట బ్యాటరీ పెంచారు. యాపిల్ లెక్క ప్రకారం వీడియో ప్లేబ్యాక్ మన పీసులో 31 గంటలు, ఇందులో 33.

ఇక షాపులో బిల్లు లేకుండా "సీల్డ్ యూఎస్ పీసు, చీప్‌గా ఇస్తా" అంటే మాత్రం నేను వద్దనే అంటాను. ఐఫోన్ వారంటీ సర్వీసును అమ్మిన దేశానికే పరిమితం చేసే వీలు యాపిల్ షరతుల్లోనే ఉంది. పైగా అక్కడ క్యారియర్, అంటే నెట్‌వర్క్ కంపెనీ దగ్గర వాయిదాల్లో కొన్న ఫోన్ అయితే లాక్ ఉండొచ్చు, అప్పుడు వేరే కంపెనీ సిమ్ పనిచేయదు.

ఎవరి దగ్గర తీసుకున్నా డబ్బులిచ్చే ముందు సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లండి. మోడల్ నంబరు చివర ఎల్ఎల్ ఉంటే యూఎస్, హెచ్ఎన్ ఉంటే ఇండియా. మొదటి అక్షరం ఎం అయితే కొత్తది. ఎఫ్ అయితే రీఫర్బిష్డ్, అంటే బాగుచేసి మళ్లీ అమ్మింది, ఎన్ అయితే పాడైన ఫోన్‌కు బదులుగా ఇచ్చిన రీప్లేస్‌మెంట్ పీసు, బాక్సు మీద సీలు ఎంత మెరుస్తున్నా సరే. అక్కడే కిందికి వస్తే క్యారియర్ లాక్ అని ఉంటుంది. "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని లేకపోతే ఫోన్ తిరిగిచ్చేసి వచ్చేయండి.