రెండంగుళాల రీలు

అధ్యక్షులకు, గ్రంథాలయ కమిటీ పెద్దలకు, మసీదు గల్లీ నుంచి పనులు మానుకుని వచ్చిన అన్నలకు, కాలరీ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మిత్రులకు నమస్కారాలు, సలాములు. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి.

నన్ను పాతకాలపు బల్లార్షా గురించి మాట్లాడమన్నారు. పేపరు మిల్లు సైరన్, వర్ధా నది వరద, కాజీపేట వైపు పోయే బండ్లు, అన్నీ రాసుకుని వచ్చాను. కానీ పోయిన వారం చెత్తకుప్ప మీద ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు చూశాను. రీళ్ళు బయటికొచ్చి ముళ్ళకంపకు చుట్టుకున్నాయి. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. అందుకే ఆ కాగితం జేబులో పెట్టేస్తున్నాను. ఖారీ, అంటే ఖురాన్‌ను స్వరంతో పారాయణం చేసే విద్వాంసుడు, అబ్దుల్ బాసిత్ గారి గురించి మాట్లాడతాను. కమిటీవాళ్ళు క్షమించాలి.

ముప్పై ఏళ్ళు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసిన చేతులివి. నాకు అరబ్బీ రాదు. మాది రామభజన చేసే ఇల్లు. కానీ రిపేరైన ప్రతి సెట్టునూ ఆయన క్యాసెట్ పెట్టే పరీక్షించేవాణ్ణి. ఎందుకంటే ఆ గొంతు కింది నుంచి మొదలై, ఒక్క ఊపిరి మీద మెట్లు మెట్లుగా పైకి పోతుంది. రీలును చదివే హెడ్‌కు మురికి ఉంటే పైస్థాయిలో మసకబారుతుంది. మోటారు వేగం సరిగా లేకపోతే ఆ సాగదీతలో వణుకు వినపడుతుంది. అబద్ధం చెప్పని గొంతు అది.

ఆయన 1927లో దక్షిణ ఈజిప్టులో, అర్మంత్ దగ్గరి పల్లెలో పుట్టారు. తాతగారూ తండ్రిగారూ ఖురాన్ క్షుణ్ణంగా తెలిసినవాళ్ళు. పదేళ్ళకే ఈయన మొత్తం కంఠస్థం చేశారు. ఆ రోజుల్లో రేడియోలో ముహమ్మద్ రిఫత్ అనే గొప్ప ఖారీ ఉండేవారు, అంధులు. 1934లో కైరో రేడియో మొదలైంది ఆయన పారాయణంతోనే. రేడియో ఉన్న ఇల్లు దూరంగా ఉంటే, ఆ గొంతు కోసం చిన్న అబ్దుల్ బాసిత్ నడుచుకుంటూ వెళ్ళేవాడని చెబుతారు. ఒక పల్లెటూరి పిల్లవాడు రేడియో కోసం నడవడం! ఈ మాట తలుచుకుంటే రేడియో మెకానిక్‌గా బతికినందుకు నాకు గర్వంగా ఉంటుంది.

1950లో కైరో వెళ్ళారు. సయ్యదా జైనబ్ మసీదులో కొద్ది నిమిషాలు చదవమంటే, జనం ఆపనివ్వక గంట దాటిందంటారు. మరుసటి ఏడే రేడియో పిలిచింది. 1952లో ఇమామ్ షాఫీ మసీదు ఖారీ అయ్యారు, 1985లో ఇమామ్ హుసేన్ మసీదుకు మారారు. దేశదేశాలు తిరిగారు. 1984లో ఈజిప్టు ఖారీల సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. 1988 నవంబరు 30న కన్నుమూశారు. ఆయన సభల్లో చదివిన పద్ధతిని ముజవ్వద్ అంటారు, రాగం విప్పి, ఆయత్‌ను, అంటే ఖురాన్ వాక్యాన్ని, మళ్ళీ మళ్ళీ చదివేది. నిదానంగా, సాఫీగా సాగేది మురత్తల్. రెండూ ఆయన రికార్డుల్లో ఉన్నాయి. నా చెవికి మురత్తలే ఇష్టం.

ఇక అసలు సంగతి. ఇన్నేళ్ళూ ఏ వేదిక మీదా చెప్పలేదు.

మన మసీదు గల్లీలో ఒక పెద్ద హాఫిజ్ సాబ్, అంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసిన పెద్దాయన, ఉండేవారు, ఆదిలాబాద్ వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడేవారు. ఒక వానాకాలం ఆయన, అబ్దుల్ బాసిత్ గారు చదివిన యాసీన్ సూరా, అంటే ఖురాన్‌లో ఒక అధ్యాయం, క్యాసెట్ తెచ్చారు. సెట్టు రీలును నమిలేసింది. రోలర్‌కు చుట్టుకున్న రీలును పెన్సిలుతో మెల్లగా లాగి చూస్తే, ఒకచోట ముడతలు పడి నలిగిపోయింది. బ్లేడుతో ఆ ముక్క కోసి, రెండు కొసలూ ఏటవాలుగా కత్తిరించి, వెనకవైపు సన్నగా టేపు వేసి అతికించాను. వేసి విన్నాను. ఒక్క మాట కూడా పోలేదు. పోయింది మాటల మధ్య ఖాళీ మాత్రమే. క్యాసెట్‌లో రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. నేను కోసింది రెండంగుళాలు, అంటే ఒక్క సెకను. బాగా చేశానని మురిసిపోయాను.

హాఫిజ్ సాబ్ దుకాణంలోనే బల్ల మీద కూర్చుని విన్నారు. ఆ చోటు రాగానే ఆయన చెయ్యి గాలిలోకి లేచి ఆగింది. క్యాసెట్ ఆగలేదు. "నాయనా, ఇక్కడ సక్తా ఉండాలి" అన్నారు.

సక్తా అంటే ఊపిరి తీసుకోకుండా కాస్త ఆగడం. మనం వినే హఫ్స్ అనే పారాయణ పద్ధతిలో ఖురాన్ మొత్తం మీద ప్రసిద్ధంగా నాలుగే చోట్ల ఉంటుందట. అందులో ఒకటి యాసీన్ 52వ ఆయత్. సమాధుల్లోంచి లేచినవాళ్ళు "మా పడకల నుంచి మమ్మల్ని లేపిందెవరు?" అంటారు. అక్కడ ఆగాలి. తర్వాత జవాబు, "కరుణామయుడు మాట ఇచ్చింది ఇదే." ఆగకుండా చదివితే ప్రశ్నా జవాబూ ఒకే నోట వచ్చినట్టు కలిసిపోతాయి. నేను కోసేసింది ఆ ఆగడాన్నే.

ఆయన తిట్టలేదు. డబ్బులిచ్చి క్యాసెట్ పట్టుకెళ్ళారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఫోన్లలో చూస్తున్నాను. ఇదే గొంతుకు లేని ప్రతిధ్వని కలుపుతున్నారు, ముప్పై సెకన్లకు సరిపోవాలని నిశ్శబ్దాలు తీసేస్తున్నారు. పిల్లలారా, మీరు చేస్తుంటే దయచేసి మానండి. నేను చేసినవాణ్ణి, అందుకే అడుగుతున్నాను.

క్యాసెట్లు పారేయకండి. ఖురానే కానక్కర్లేదు, భజనలైనా, బుర్రకథైనా, మీ నాయన గొంతైనా సరే. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను. తెచ్చిస్తే కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తాను, పైసా వద్దు. బూజు పట్టిందని ఎండలో మాత్రం పెట్టకండి, రీలు వంకర పోతుంది. ముందు మీ సెట్టులో వేసి చూడకండి, ఉన్నది కూడా తెగుతుంది. అలాగే తెండి.

హాఫిజ్ సాబ్ పోయాక వాళ్ళవాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. ఆ యాసీన్ క్యాసెట్ ఈ ఊళ్ళోనే ఎవరింట్లోనో ఉండొచ్చు. లేబుల్ మీద ఆకుపచ్చ సిరాతో నా చేతిరాత ఉంటుంది. కనపడితే కబురు పెట్టండి, నేనే వస్తాను. కోసిన ముక్క పారెయ్యలేదు. ఇదిగో, ఈ అగ్గిపెట్టెలో ఉంది.