బైక్ బ్రేక్ డిస్క్: ఎప్పుడు మార్చాలి, ఏది కొనాలి, ఎలా బిగించాలి

[క్లోజప్: ముందు చక్రం డిస్క్ మీద చెక్కిన అక్షరాలు, టార్చ్ వెలుగులో]

బైక్‌కి సెంటర్ స్టాండ్ వేసి, డిస్క్ మీద లైటు పెట్టి చూడండి. "మిన్ టీహెచ్" అన్న ఇంగ్లీషు అక్షరాల పక్కన 3.5 ఎంఎం అనో, 4 ఎంఎం అనో ఒక అంకె కనిపిస్తుంది. డిస్క్ అంతకంటే పలచబడిందంటే పైకి ఎంత మెరుస్తున్నా మార్చాల్సిందే. పలచని డిస్క్ తొందరగా కాగిపోతుంది. తిరుమల ఘాట్ లాంటి చోట బ్రేక్ పట్టుకుని దిగుతుంటే ఆ వేడి డిస్క్‌ని పట్టుకునే ప్యాడ్ల నుంచి బ్రేక్ ఫ్లూయిడ్‌కి చేరుతుంది. ఫ్లూయిడ్ మరిగితే లీవర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు.

[క్లోజప్: డిస్క్ అంచు మీద వేలిగోరు]

కొలవడంలోనే చాలామంది పొరపడతారు. ప్యాడ్ రాసుకునే చోట డిస్క్ అరుగుతుంది, బయటి అంచు అరగదు. గోరుతో గీస్తే ఆ గట్టు తగులుతుంది. వెర్నియర్ పెడితే దాని దవడలు గట్టు మీదే ఆనుకుని ఎక్కువ మందం చూపిస్తాయి. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వాడాం కదా, ఆ స్క్రూ గేజ్ తీసుకోండి. అరిగిన చోట, చుట్టూ నాలుగైదు చోట్ల కొలవండి. అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకే లెక్క.

మందం సరిపోయినా, బ్రేక్ వేసినప్పుడు లీవర్ చేతిలో కొట్టుకుంటోందా? అయితే డిస్క్‌కి బెండ్ వచ్చి ఉండొచ్చు, లేదా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరిగి ఉండొచ్చు. బెండ్‌ని డయల్ గేజ్‌తో, అంటే చక్రం తిప్పుతుంటే డిస్క్ ఎంత ఊగుతోందో ముల్లుతో చూపించే పరికరంతో చూడాలి. ఎంతవరకు పర్వాలేదో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. "లేత్ మీద ఒక కోత వేయిస్తే సరిపోతుంది" అనేవాళ్లు ఉంటారు. దయచేసి ఒప్పుకోకండి. బైక్ డిస్క్ మందమే నాలుగైదు మిల్లీమీటర్లు, అందులో కోసెయ్యడానికి ఏం మిగులుతుంది?

[షాట్: పాత డిస్క్, కొత్త డిస్క్ పక్కపక్కన]

ఇక కొనడం. మోడల్ పేరు ఒక్కటే చెబితే చాలదు, తయారైన సంవత్సరం కూడా చెప్పండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350నే తీసుకోండి. పాతదానికి ముందు డిస్క్ 280 ఎంఎం, 2021లో వచ్చిన కొత్తదానికి 300 ఎంఎం. ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉందో లేదో కూడా చెప్పాలి. వ్యాసం, మందం, బోల్టు రంధ్రాలు, మధ్య భాగం ఎంత లోపలికి ఉందో, అన్నీ పాతదానితో కలవాలి. అంచు పూరేకుల్లా ఉండే పెటల్ డిస్కా, గుండ్రటిదా అన్నది నా దృష్టిలో చూపు కోసమే. చూపు కోసం పెట్టే డబ్బుతో కొత్త ప్యాడ్లు కొనండి. పాత ప్యాడ్ల మీద పాత డిస్క్ గాడులు పడి ఉంటాయి, కొత్త డిస్క్‌కి అవి సరిగ్గా ఆనవు.

[షాట్: చక్రం విప్పి బల్ల మీద]

డిస్క్ బోల్టులు గమ్ వేసి బిగించి ఉంటాయి, బలవంతం చేస్తే తల అరిగిపోతుంది. హీట్ గన్‌తో కాస్త వేడి చేసి విప్పండి. హబ్ (చక్రం మధ్య భాగం) మీద డిస్క్ ఆనే చోట తుప్పు, మట్టి పూర్తిగా గీకెయ్యండి. అక్కడ చిన్న రేణువు ఉన్నా కొత్త డిస్క్ వంకరగా తిరుగుతుంది. డిస్క్ మీద బాణం గుర్తుంటే అది చక్రం ముందుకు తిరిగే వైపు ఉండాలి. ఏబీఎస్ రింగ్ వేరుగా ఉంటే దాన్ని మళ్లీ పెట్టడం మర్చిపోకండి. కొత్త బోల్టులు, కొత్త గమ్ వాడి, ఒకదాని తర్వాత దాని ఎదురుది చొప్పున, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (ఎంత బలంతో తిప్పాలన్న లెక్కకి) బిగించండి.

కొత్త డిస్క్, కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి ప్యాడ్లను డిస్క్ మీదికి నొక్కే క్యాలిపర్ పిస్టన్లను వెనక్కి నెట్టాలి. అప్పుడు పైన డబ్బాలో ఫ్లూయిడ్ పొంగకుండా చూడండి, ట్యాంక్ మీద పడితే పెయింట్ పోతుంది. డిస్క్ మీద చేతి జిడ్డు, నూనె లేకుండా బ్రేక్ క్లీనర్‌తో తుడవండి.

[క్లోజప్: లీవర్ నొక్కుతున్న వేళ్లు]

బండి కదిలించే ముందు లీవర్ గట్టిపడేదాకా పంప్ చెయ్యండి. ఇది వదిలేస్తే మొదటి బ్రేక్ పట్టదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి మెల్లగా, పూర్తిగా ఆపకుండా, పది ఇరవై సార్లు బ్రేక్ వేసి, మధ్యలో డిస్క్ చల్లారనివ్వండి. మొదటి ఒకటి రెండు వందల కిలోమీటర్లు పట్టు కాస్త తక్కువగా ఉంటుంది, ముందు బండికి దూరం ఎక్కువ ఉంచుకోండి.