మూట పెట్టుకోనిచ్చే చోటు

అందరికీ నమస్కారం. మైకు చేతికిచ్చారు కాబట్టి ముందే చెప్పేస్తాను, నేను లాయరునీ కాదు, ఆఫీసరునీ కాదు. రాత్రిపూట మన కర్నూల్లో ఎవరు ఎక్కడ పండుకుంటున్నారో రెండేళ్లుగా తిరిగి చూస్తున్న మనిషిని, అంతే.

రాత్రి పదిన్నర దాటాక పాత బస్టాండు వైపు పోయి చూడండి. షట్టర్లు దించిన అంగళ్ల ముందు అట్టముక్కలు పరుచుకుంటా ఉంటారు. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, కోసిగి వైపు మనిషి, బేల్దారి పని. చెప్పులు విప్పి కవర్లో చుట్టి తల కింద పెట్టుకుంటాడు. దిండు కోసం కాదు, పొద్దున లేచేసరికి అవి ఉండాలి కదా, వట్టికాళ్లతో మన మే నెల ఎండలో ఎవరు పని చేయగలరు? తెల్లారి ఐదింటికి అంగడి ముందు నీళ్లు చల్లుతారు, ఆలోపు లేవాలి. ఒకరోజు జ్వరమొచ్చి లేవలేకపోతే ఆ నీళ్లు మీదే పడ్డాయట.

నేనేదో తెలిసినవాడిలాగా, "రోడ్డు మీద పండుకునేవాళ్లకి షెల్టర్ ఉందంట కదా, ఆడికి పోరాదా?" అన్నా. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, "అంత దూరం పోతే పొద్దున కూలీల అడ్డాకి ఎట్ల రావల్ల? ఆటోకి నువ్విస్తావా? పగలంతా ఈ మూట యాడ పెట్టల్ల?" అన్నాడు. మూటలో తాపీ, తూకం గుండు, రెండు జతల బట్టలు, ఆధార్ జిరాక్స్. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి, ఆయనకి ఊళ్లో ఇల్లుంది. ఇంటిపట్టా ఇచ్చాం కదా, ఇంకా రోడ్డు మీద ఎందుకుంటారు అనేవాళ్లకి ఇదే తెలియదు, ఇల్లు ఆడుంది, కూలి ఈడుంది.

ఈ మాట కోర్టు ముందుకి ఎప్పుడో వచ్చింది. 1981లో బొంబాయిలో వానల్లో ఫుట్‌పాత్‌ల మీది జనాన్ని తరమబోతే ఓల్గా టెల్లిస్ అనే జర్నలిస్టూ, ఆ ఫుట్‌పాత్‌ల వాళ్లూ కోర్టుకెక్కారు. పని దగ్గరుందని ఉంటున్నాం, ఇక్కణ్ణించి లేపితే కూడు పోతుంది అన్నారు. 1985లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, బతుకుతెరువు కూడా రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమే అంది. మీటింగుల్లో ఇక్కడిదాకా చెప్పి చప్పట్లు కొట్టిస్తారు గానీ, నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చని కూడా అదే తీర్పులో ఉంది. గెలిచీ రోడ్డున పడ్డారన్నమాట. 1995లో చమేలీ సింగ్ కేసులో అదే కోర్టు ఇంకాస్త ముందుకెళ్లి, నివాసమంటే గోడలూ కప్పే కాదు, వెలుతురు, గాలి, మంచినీళ్లు, మరుగుదొడ్డి అన్నీ అందులోకే వస్తాయంది.

2013లో పట్టణ పేదల కోసం కేంద్రం పెట్టిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ వచ్చింది, షెల్టర్ల నిబంధనలు రాశారు. లక్ష జనాభాకి ఒకటి, మనిషికి 50 చదరపు అడుగులు, ఏడాదంతా 24 గంటలూ తెరిచి ఉండాలి, అదీ వాళ్లుండే చోటికీ పని దొరికే చోటికీ వీలైనంత దగ్గర్లో. చదివితే ఆ పెద్దాయన్ని అడిగి రాసినట్టే ఉంటుంది! 2011 లెక్కల్లోనే కర్నూలు నాలుగు లక్షలు దాటింది, అంటే కనీసం నాలుగు. ఆడవాళ్లకి విడిగా కావాలి, పెద్దాసుపత్రి దగ్గర లైటు కిందే పండుకునే అమ్మలు ఎందుకట్లా పండుకుంటారో నేను చెప్పాల్సిన పని లేదు.

ఢిల్లీలో చలికి చనిపోతే పేపర్లో వస్తుంది. మనకి చలి కాదు, ఎండ. పని దొరకని రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి మనిషి ఎక్కడికి పోవాలి? 'నైట్ షెల్టర్' అనే పేరే నాకు నచ్చదు.

ఈ శనివారం రాత్రి పదింటికి పాత బస్టాండు దగ్గర కలుద్దాం, బయట పండుకునేవాళ్ల లెక్క రాసి మున్సిపల్ ఆఫీసులో ఇద్దాం. ఫొటోలు వద్దు, టార్చి ముఖం మీద కొట్టొద్దు. రెండే అడగండి, పొద్దున ఎన్నింటికి పనికి పోతారు, మూట ఎక్కడ పెడతారు. ఆ పెద్దాయన నిద్రపోతా ఉంటే మాత్రం లేపకండి, ఐదింటికి లేవాల ఆయన.