ఆకాశదీపం మీద అమ్మమ్మ మోకాళ్లు

(తైవాన్‌లోని సించులో తెలుగు కుటుంబాలు కలిసి చేసుకున్న ఉగాది నాటి ప్రసంగం)

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీది పెద్దల పేర్లు చదవమని చీటీ ఇచ్చారు. చదివితే నాకిచ్చిన పది నిమిషాల్లో నాలుగు దానికే పోతాయి. ఫ్లెక్సీ మీద ఉన్నాయి, చూసుకోండి. కోపం తెచ్చుకోకండి.

నా విషయం ‘పిల్లలకు మాతృభాష’. మూడు పేజీలు రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక శాలువాలు కప్పుతుంటే వెనక వరస చూశాను. పిల్లలంతా ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు. వాళ్ల తప్పేం లేదు. పొద్దుటి నుంచి మనం వాళ్లకి అప్పజెప్పిన పని కుర్చీలో కూర్చోవడం ఒక్కటే. అందుకని ఆ పేజీలు మడిచేసి, కొండల్లో ఉండే పింగ్‌షీ అనే ఊరి సంగతి చెబుతాను.

ఇక్కడి కొత్త సంవత్సరంలో తొలి పౌర్ణమికి దీపాల పండగ. మన మాఘ పౌర్ణమీ అదీ చాలా ఏళ్లు ఒకే రోజున పడతాయి. ఆ రోజు ఆకాశంలోకి కాగితం లాంతర్లు వదలడానికి వచ్చే జనంతో పింగ్‌షీలో ఇసకేస్తే రాలదని మేం వారం ముందే వెళ్లాం. రుయిఫాంగ్‌లో బండి మారాం. కొండల్లోకి పోయే ఆ లైను మొత్తం 12.9 కిలోమీటర్లు, 1921లో బొగ్గు కోసం వేసింది. గనులు పోయాయి, బండి మిగిలింది. షిఫెన్‌లో దిగితే బజారు మధ్యలోంచే రైలు పట్టాలు! కూత వినగానే జనం అరుగుల మీదకి, బండి పోగానే మళ్లీ పట్టాల మీదకి. మావాడికి ఏడేళ్లు. “నన్ను బాల్కనీలోకే వెళ్లనివ్వవు, ఇక్కడ చూడు” అన్నాడు.

దీపాల కొట్లో ఓ పెద్దావిడ. తైవానీస్‌లో అమ్మమ్మనైనా నాయనమ్మనైనా ‘ఆమా’ అనే అంటారు. బట్టలారేసే స్టాండు లాంటి దానికి క్లిప్పులు పెట్టి పల్చటి కాగితం లాంతరు వేలాడదీసింది. నాలుగు వైపులా నాలుగు రంగులు. సిరా గిన్నె, కుంచె మావాడి చేతికిచ్చింది. నాకివ్వలేదు! నేను టిష్యూలు పట్టుకుని టెన్షన్ పడుతుంటే నన్ను పక్కకి జరగమని సైగ చేసింది. ఎరుపు వైపు ఆరోగ్యానికట. వాడు దాని మీద తెలుగులో ‘అమమ్మ మొకాళు’ అని రాశాడు. రెండు ఒత్తులు, ఒక దీర్ఘం పోయాయి. సిరా జారి మోచేతి దాకా వచ్చింది. తణుకులో మా అమ్మ మోకాళ్ల నొప్పులతో మేడ దిగి రెండేళ్లయింది. వాడికి అది గుర్తుందని నాకు తెలియదు.

రెండేళ్లుగా ప్రతి ఆదివారం వాడి చేత అక్షరాలు దిద్దిస్తున్నాను, ఏడిపించి మరీ. వాడంతట వాడు తెలుగులో ఏదైనా రాయడం అదే మొదటిసారి.

ఇలా పైకి వదిలే లాంతరుని చైనీస్‌లో ‘థియెన్ తెంగ్’ అంటారు. థియెన్ అంటే ఆకాశం, తెంగ్ అంటే దీపం. కార్తీకంలో మన గుళ్లలో ధ్వజస్తంభానికి కట్టేదీ ఆకాశదీపమే కదా! పూర్వం ఫుజియన్ నుంచి వచ్చినవాళ్లు ఈ కొండల్లో ఉండేవారు. దొంగలు పడితే ఆడవాళ్లు, ముసలివాళ్లు అడవిలో దాక్కునేవాళ్లు. దొంగలు పోయాక, ఇక దిగి రండి అని చెప్పడానికి ఊళ్లోంచి దీపం వదిలేవారట. పండగ అలా వచ్చిందని చెబుతారు.

మాటలో పడి బండి తప్పిపోయింది. ఇంకో గంట ఆగాలి. పైగా తుంపర. వేరుశనగ చిక్కీ దిమ్మని వడ్రంగి చిత్రిక పట్టినట్టు గీకి, ఆ పొడితో ఐస్‌క్రీమ్‌ని పల్చటి రొట్టెలో చుట్టిస్తారు. అందులో కొత్తిమీర! ఐస్‌క్రీమ్‌లో కొత్తిమీరేమిటని మొహం చిట్లించాను గానీ రెండోది కూడా తిన్నాను. ఇంతకీ ఏం చెబుతున్నాను? ఆఁ, ఆమా. దీపాల పండక్కి ఇక్కడ లాంతర్ల మీద పొడుపు కథలు కడతారు. ఆవిడ ఒకటి అడిగితే మావాడు చెప్పేశాడు, బళ్లో నేర్పారట. తిరిగి వాడూ ఒకటి అడిగాడు, మా అమ్మ ఫోన్లో నేర్పినది: ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు’. ముందు తెలుగులో గడగడా చెప్పి, తర్వాత వచ్చీరాని చైనీస్‌లోకి మార్చాడు. ఆమా కాసేపు ఆలోచించింది. తర్వాత మాటా పలుకూ లేకుండా కళ్లు రెండుసార్లు టపటపలాడించింది.

వాడు ఎగిరి గంతేశాడు!

మరి వదిలిన లాంతరు ఎక్కడ పడింది అంటారా? అడవిలోనే. కొట్టు వెనక తడిసిన వెదురు చట్రాల కుప్ప చూశాను, కొండల్లోంచి ఏరుకొచ్చినవి. మావాడు ‘అమ్మమ్మ మోకాళ్లు చెట్టుకి తగులుకుంటాయా’ అని అడిగితే జవాబు దొరకలేదు. మళ్లీ వెళితే రాతతో ఆపుతాం, వదలం. వాడికి కావలసింది కుంచె, ఆమా.

కమిటీ వారికి ఒక మనవి. ఇంకో సన్మానం, రెండు ప్రసంగాలు ఉన్నాయని తెలుసు. అటు బల్ల మీద మామిడికాయలు, బెల్లం, ఇంటి నుంచి సూట్‌కేసులో వచ్చిన ఎండు వేపపువ్వు ఉన్నాయి. పచ్చడి మనం కలిపేసి, పిల్లలకి ప్లాస్టిక్ కప్పులో పోసి ‘తాగు, తాగు’ అంటాం. ఆ సన్మానం నాదే, నాకొద్దు. ఆ అరగంట వాళ్లకివ్వండి.

వెనక వరస, లేవండి. ఫోన్లు అమ్మలకిచ్చేయండి. బాబూ, ఎర్ర చొక్కా, నువ్వే, ఆ చింతపండు గిన్నె ఇటు పట్రా. చేతులు కడుక్కున్నావా?